ఖాజా బాబాయ్ బాగుచేసిన ఫోను

తెనాలిలో ఎవరైనా సెకండ్ హ్యాండ్ ఫోను కొంటే, ఇంటికి వెళ్ళేలోపు ఒకసారి ఖాజా మొహిద్దీన్ బల్ల దగ్గర ఆగేవాళ్ళు. స్టేషన్ రోడ్డులో చెప్పుల కొట్టు పక్కన చెంచురామయ్య గారి షాపు ఉండేది. ముందు సగంలో ఆయన రీచార్జి కార్డులు, కవర్లు, చార్జర్లు అమ్ముకునేవారు. వెనక సగంలో ఖాజా బాబాయ్ రిపేరు బల్ల.

"ఒరిజినలేనా బాబాయ్?" అని ఫోను పెడితే ఆయన దాన్ని ఆన్ చేసేవాడు కాదు. ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని వెనక మూత తీసి మళ్ళీ వేసేవాడు. ఆ 'టక్' నచ్చకపోతే అక్కడితో సరి. నచ్చితే స్క్రూలు చూసేవాడు. "డూప్లికేటు చేసేవాడు పైకి కనిపించేదంతా బ్రహ్మాండంగా దింపుతాడు అబ్బాయ్. స్క్రూల దగ్గరికొచ్చేసరికి వాడికి ఆకలేస్తుంది" అనేవాడు.

ఒకసారి నందివెలుగు నుంచి కోటేశ్వరమ్మ అనే ఆవిడ ఫోను పట్టుకొచ్చింది. తమ్ముడు రైల్లో ఎవరి దగ్గరో కొన్నాడట. షాపు నిండా జనం.

"డూప్లికేటండి అమ్మా" అన్నాడు ఖాజా బాబాయ్.

"అబ్బ, అందరి ముందూ అలా అరవాలా? కాస్త నెమ్మదిగా చెప్పకూడదూ!"

"నెమ్మదిగా చెప్పినా డూప్లికేటేనండి."

జనం నవ్వారు. ఆవిడ తిట్టుకుంటూ వెళ్ళి, వారం తిరక్కుండా మేనకోడలి ఫోను చూపించడానికి మళ్ళీ వచ్చింది. అంత నమ్మకం.

నాకు ఆయన ఎలా తెలుసంటే, మాది అంగలకుదురు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివేవాణ్ణి. సైకిలు మీద తెనాలి వచ్చి పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కడం, సాయంత్రం దిగాక ఇంటికి పోకుండా ఆ బల్ల దగ్గర చేరడం. ఫోన్లంటే నాకు పిచ్చి. క్లాసులో చెప్పే ఎలక్ట్రానిక్స్ ఏంటో నాకు ఆ బల్ల మీదే అర్థమైంది.

ఖాజా బాబాయ్ ఏడో తరగతితో బడి మానేసి, తండ్రి పక్కన వాచీల రిపేరుకి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు అదే పని. జనం టైము సెల్లులో చూసుకోవడం మొదలుపెట్టాక వాచీలు రావడం మానేశాయి. అప్పటికి ఆయనకి నలభై ఐదు. పాడైపోయిన ఫోన్లు కొనుక్కుని, ఒక్కొక్కటే విప్పి, ఇంగ్లీషు ముక్క రాకుండా ఆ పని నేర్చుకున్నాడు. తండ్రి దగ్గర పట్టిన అలవాటు మాత్రం ఒకటి వదల్లేదు. ఆ తండ్రి ఏ వాచీనీ తెచ్చింది తెచ్చినట్టు తిరిగి ఇచ్చేవాడు కాదట. అడిగింది పట్టీ మార్చమనే అయినా, లోపల తుడిచి, అద్దం మీద గీతలు పోయేలా రుద్ది, టైము సరిచేసి, కీ ఇచ్చి మరీ చేతిలో పెట్టేవాడట. ఖాజా బాబాయ్ ఫోన్లకీ అంతే. చార్జింగ్ పిన్ను మార్చమని ఇచ్చిన ఫోను, స్పీకరు జాలీలో మురికి కూడా పోయి కొత్తదానిలా తిరిగొచ్చేది.

రెండు వేల తొమ్మిదికి ఆయన కళ్ళు పోవడం మొదలైంది. షుగరు. గుంటూరులో డాక్టరు గారు దూరానికి పర్వాలేదు గానీ దగ్గరి పని కష్టమన్నారు. కంటికి తగిలించుకునే భూతద్దంతో ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో ఎలాగో లాక్కొచ్చేవాడు. అయినా రెండు ఫోన్లు చేతిలోనే పాడయ్యాయి. ఆ సంగతి ఊళ్ళో తెలిసింది, పని తగ్గింది.

దీనికి మందు ఏంటో కూడా ఆయనకి తెలుసు. విజయవాడలో ఒక రిపేరు షాపులో మైక్రోస్కోపు చూసొచ్చాడు. రెండు కళ్ళూ ఆనించి చూసేది. "చీమ కాలంత రెసిస్టరు నా బొటనవేలంత కనిపించింది అబ్బాయ్. చేతులకేం కాలేదురా, కళ్ళే. అది ఉంటే ఇంకో పదేళ్ళు కూర్చుంటా ఈ బల్ల మీద" అన్నాడు. వాళ్ళ దగ్గర వాడిన మైక్రోస్కోపు ఒకటి అమ్మకానికి ఉంది. నవంబరు నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వం అన్నారు.

నెలాఖరు అన్న మాట చెంచురామయ్య గారూ అన్నారు. "ఖాజా, నాకు నీ మీద కోపం లేదయ్యా. ఈ నెంబర్ల పని నెలాఖరుతో సరి. ఆ తర్వాత నీ బల్ల దగ్గరికి ఎవరొస్తారు? అక్కడ జిరాక్సు మెషిన్ వేసుకుంటా. నువ్వు మైక్రోస్కోపు తెచ్చుకుంటే చెప్పు, బల్ల ఎక్కడికీ పోదు."

నెంబర్ల పని అంటే చెప్పాలి. ప్రతి ఫోనుకీ లోపల పదిహేను అంకెల నెంబరు ఒకటి ఉంటుంది, ఐఎంఈఐ అంటారు. చవక చైనా ఫోన్లలో అది ఉండేది కాదు, అడిగితే వరసగా సున్నాలు చూపించేవి. ఆ నవంబరు తర్వాత అలాంటి ఫోన్లకి సిగ్నల్ రాదని గవర్నమెంటు చెప్పింది. ఊరు ఊరంతా సున్నాల ఫోన్లు పట్టుకుని బయల్దేరింది. ఖాజా బాబాయ్ కంప్యూటరుకి కేబులు పెట్టి రోజంతా నెంబర్లు ఎక్కించడమే. కళ్ళతో పనిలేని పని.

ఆ హడావిడిలోనే ఆ ఫోను బయటపడింది.

స్పేరు పార్టుల కోసం మద్రాసు నుంచి ఆయన పాడైన ఫోన్లు కిలోల లెక్కన తెప్పించేవాడు. అందులో ఒకటి, పెద్ద కంపెనీదే, పక్కకి జరిగే కీబోర్డుతో, ఎప్పుడూ ఎక్కడా చూడని మోడలు. బ్యాటరీ పెడితే ఆన్ అయింది. నెంబరు అడిగితే అన్నీ సున్నాలు.

"చైనాది" అన్నాను నేను.

ఖాజా బాబాయ్ అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. మూత వేశాడు, తీశాడు. స్క్రూలు విప్పి భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "కాదు" అన్నాడు. "ఇటు రా. బోర్డు మీద ఈ రేకు మూత అంచున చూడు, వెంట్రుకంత వైరు లోపలికి పోతోంది. మెషిన్ వేసింది కాదు, మనిషి అతికించాడు. ఎంత శుభ్రంగా అతికించాడో చూడు. ఇలా అతికించేవాడు డూప్లికేటు ఫోను ఎందుకు చేస్తాడ్రా?"

నేను బ్యాటరీ తీసి చూశాను. బ్యాటరీ కింద 'అమ్మకానికి కాదు' అని ఇంగ్లీషులో స్టిక్కరు. వెనక రేకు మీద సూదితో గీసినట్టు 117. ఆన్ చేయగానే, ఇందాక నేను పట్టించుకోని హెచ్చరిక, కంపెనీ లోపలి వాళ్ళకి మాత్రమే అని. ఇది మార్కెట్లోకి రాకముందు కంపెనీ వాళ్ళు పరీక్ష కోసం చేసుకునే ప్రోటోటైపు. ఈ మోడలు చివరికి మార్కెట్లోకే రాలేదు. ఫోన్ల పిచ్చివాళ్ళందరూ చేరే వెబ్‌సైటు ఒకటుంది, నేను రోజూ అక్కడే ఉండేవాణ్ణి. ఇలాంటివి అక్కడ కళ్ళకద్దుకుని కొంటారు.

"బాబాయ్, నీ మైక్రోస్కోపు వచ్చేసినట్టే!" అని అరిచాను.

"నిజంగానా? పాడైన ఫోనుకి అంత ఇస్తారా?"

"పాడైంది కాదు బాబాయ్, అరుదైంది!"

నా ఫోను కెమెరాతో నాలుగు ఫోటోలు తీసి వెబ్‌సైటులో పెట్టాను. ఆ కెమెరాలో ఫోటో అంటే మంచులో తీసినట్టే, స్టిక్కరు ఉందని తెలుస్తుంది గానీ అక్షరాలు సరిగా కనపడవు. మర్నాడే జవాబొచ్చింది. ఎక్కడో బెంగుళూరువాడనుకున్నా, రేపల్లె! వినయ్ కుమార్ అని, అక్కడి కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు. పదేళ్ళుగా ఫోన్లు సేకరిస్తున్నాడట. ఆదివారం వచ్చి తన కళ్ళతో చూస్తానని, నిజమైనదైతే అడిగినంతా అక్కడే ఇస్తానని రాశాడు. అది మైక్రోస్కోపుకి సరిగ్గా సరిపోయే ధర.

నాకు గురువారం నుంచి ల్యాబ్ పరీక్షలు. మూడు రోజులు బాపట్లలో స్నేహితుడి హాస్టల్లో ఉండిపోయాను. వెళ్ళేముందు ఖాజా బాబాయ్‌కి ప్రోటోటైపు గురించి గంటసేపు చెప్పాను, దాని చరిత్ర, దాని గొప్పతనం, ఎవరెవరి దగ్గర ఎన్ని ఉన్నాయో. దాన్ని ముట్టుకోవద్దని మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన మాట అదొక్కటే.

ఆదివారం పదింటికి షాపుకి వెళ్ళేసరికి ఖాజా బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఇంటి నుంచి ఆయన భార్య అమీనా పిన్ని ఫ్లాస్కులో టీ పంపింది. బల్ల మీద కొత్త గుడ్డ, దాని మీద ఫోను.

"చూడు అబ్బాయ్, ఎలా ఉందో!"

మెరిసిపోతోంది. తిప్పి చూశాను. వెనక 117 లేదు.

"సూది గీతలు. పేస్టు పెట్టి రుద్దితే పోయాయి" అన్నాడు.

మూత తీశాను. స్టిక్కరు లేదు.

"అమ్మకానికి కాదని రాసున్నదాన్ని అమ్మితే ఆయనేమనుకుంటాడు? దొంగసొత్తు అనుకోడూ? థిన్నరుతో తీసేశా. లోపల బోర్డు మీద కూడా ఎవడో పెన్నుతో పిచ్చిగీతలు గీశాడు, అవీ తుడిచేశా."

ఆన్ చేశాను. హెచ్చరిక రాలేదు.

"ఊరికే హ్యాంగ్ అయ్యేది కదా! అదే కంపెనీ ఇంకో మోడలు సాఫ్ట్‌వేరు వేశా, ఎంత బాగా పట్టిందో! మెనూలో తెలుగు కూడా వచ్చింది చూడు. నెంబరు కూడా ఎక్కించా. లేకపోతే పాపం వచ్చే నెల నుంచి ఆయనకి సిగ్నల్ రాదుగా. అంత డబ్బు పెట్టి కొనుక్కునేవాడికి పనిచెయ్యని ఫోను ఎలా ఇస్తాం?"

ఆయన నా మొహం చూశాడు.

"ఏంటి అబ్బాయ్?"

"బాబాయ్... అవన్నీ ఉంటేనే అది ప్రోటోటైపు."

"సున్నాలుంటేనా?"

"సున్నాలుంటేనే."

ఆయన ఇంకేదో అడగబోయాడు, ఈలోపు గుమ్మంలోంచి "ఖాజా గారి షాపు ఇదేనాండి?" అని వినపడింది. రేపల్లె ప్యాసింజరు ఆ రోజు టైముకే వచ్చింది.

వినయ్ కుమార్ గారు మంచి మనిషి. అది చెప్పకపోతే అన్యాయం. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు, టీ తీసుకున్నాడు, ఫోను గుడ్డతో పట్టుకున్నాడు. బ్యాగులోంచి నేను పెట్టిన ఫోటోలు ప్రింటు తీసిన కాగితాలు తీసి ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. కాగితం తిప్పేకొద్దీ మొహం మారిపోయింది.

"స్టిక్కరు ఏదండి?"

"తీసేశానండి" అన్నాడు ఖాజా బాబాయ్.

"యూనిట్ నెంబరు?"

"రుద్దేశానండి."

"సాఫ్ట్‌వేరు?"

"పాతది బాలేదండి. కొత్తది వేశాను."

వినయ్ కుమార్ గారు నెంబరు అడిగే కోడు నొక్కాడు. పదిహేను అంకెలూ చక్కగా వచ్చాయి. ఫోను మెల్లగా గుడ్డ మీద పెట్టేశాడు.

"చూడండి ఖాజా గారూ, ఫోటోలో ఫోను ఒకటి, ఇది ఒకటి. ఒకటి చూపించి ఇంకోటి అంటగట్టడం సిటీల్లో మామూలే. మన తెనాలి దాకా వచ్చిందనుకోలేదు."

నేను అడ్డుపడబోయాను. "సార్, నిజంగా అదే ఫోను సార్, నేనే ఫోటోలు తీశా..."

"నువ్వే తీశావు, నువ్వే అమ్మకానికి పెట్టావు, నువ్వే సాక్ష్యం చెప్తున్నావు. నీ మాట నేనెలా నమ్మను బాబూ?"

చెంచురామయ్య గారు కౌంటరు దగ్గర లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఖాజా బాబాయ్‌ని ఆ బల్ల దగ్గర ఎవరూ ఆ మాట అనలేదు. ఆయనకి కోపం రాలేదు. స్క్రూ డ్రైవరు తీసుకున్నాడు.

"ఒక్కటుందండి, నేను ముట్టుకోనిది" అని ఫోను విప్పి వైరు కొస చూపించాడు. "ఇది కంపెనీలో మనిషి చేత్తో వేసిందండి."

వినయ్ కుమార్ గారు వంగి చూశాడు. "రిపేరు షాపుల్లో వేసే వైరే కదండీ ఇది. మీరైనా వెయ్యొచ్చు."

"పైకొస అలాగే ఉంటుందండి. రెండో కొస ఈ రేకు మూత లోపల ఐసీ చిప్పు కిందికి పోయింది. ఐసీ అతికించకముందే వెయ్యాలి అది. రిపేరువాడి వల్ల కాదు. మూత లేపి చూపిస్తాను, మీరే చూసి చెప్పండి."

"బాబాయ్, వద్దు" అన్నాను. "నేను లేపుతా."

"నీకు చేతకాదు. ఎప్పుడైనా లేపావా?"

నిజమే, ఎప్పుడూ లేపలేదు. ఆయన చేతులు ఎప్పటిలాగే ఉన్నాయి. వేడి గాలి మెషిన్ పెట్టాడు, భూతద్దం తగిలించుకున్నాడు, ఎడమ కన్ను మూశాడు. రేకు చుట్టూ గాలి తిప్పాడు. టంకం కరిగింది. ట్వీజరుతో అంచు పట్టుకుని పైకి లేపాడు. మూత వచ్చింది. మూతతో పాటు ఇంకేదో కూడా కదిలింది. నాకు కనపడింది, ఆయనకి కనపడలేదు. ట్వీజరు మొన ఒక వెంట్రుకవాసి లోతుగా దిగింది, పక్కనున్న చిన్న పార్టులు వరసన జరిగిపోయాయి.

"చూడండి" అని భూతద్దం తీసి ఇచ్చాడు.

వినయ్ కుమార్ గారు చాలాసేపు చూశాడు. వైరు ఐసీ కిందినుంచే వచ్చింది. ఐసీ మీద మామూలు గుర్తు లేదు, ఇంజనీరింగ్ శాంపిలని, అంటే కంపెనీ పరీక్ష కోసం చేసుకున్నదని, చిన్న అక్షరాలున్నాయి. ఆ అక్షరాలు ఆయన రెండుసార్లు చదివాడు. భూతద్దం కింద పెట్టాక కూడా తల ఎత్తలేదు.

"ఒరిజినలేనండి" అన్నాడు. "నేను తప్పు మాట్లాడాను. ఏమీ అనుకోకండి."

ఖాజా బాబాయ్ మొహం వెలిగింది. నావైపు తిరిగాడు. "విన్నావా? చెప్పానా!" అని, మూత పక్కన పెట్టి బ్యాటరీ పెట్టాడు. బటన్ నొక్కాడు. పట్టి ఉంచాడు. బ్యాటరీ తీసి తుడిచి పెట్టాడు. ఇంకో బ్యాటరీ పెట్టాడు. మళ్ళీ నొక్కాడు.

నేను చెప్పాల్సి వచ్చింది. "బాబాయ్, పక్కన పార్టులు జరిగాయి."

"ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. ఆయన భూతద్దం పెట్టుకుని ఆ చోటే చూశాడు. "నాకేం కనపట్లేదే" అన్నాడు.

వినయ్ కుమార్ గారు లేచాడు. "ఆన్ అయ్యుంటే తీసుకునేవాణ్ణండి. సాఫ్ట్‌వేరు పోయినా, స్టిక్కరు పోయినా, ఆ వైరు చూసి తీసుకునేవాణ్ణి. ఇప్పుడు..." అని ఆపేశాడు. "చూసింది చూసినట్టు నెట్‌లో రాస్తాను లెండి. రైలుకి టైమవుతోంది."

"ఇంకా అరగంటుందండి. ఇంకో టీ తాగండి" అన్నాడు ఖాజా బాబాయ్. ఆయన తాగలేదు.

రెండు రోజులు కూర్చుని ఆ పార్టులు సరిచేయాలని చూశాడు. నేను పక్కన కూర్చుని ఎడమకి, కుడికి, ఇంకాస్త అని చెప్తుంటే ఆయన ట్వీజరు జరిపేవాడు. మూడో రోజు బోర్డు మాడింది. విజయవాడ వాళ్ళు ఫోను చేసి, మైక్రోస్కోపు కావాలని వేరే అతను అడుగుతున్నాడు, ఏం చెయ్యమంటారని అడిగారు. ఇచ్చెయ్యమన్నాడు.

వారం తర్వాత బాపట్ల నెట్ సెంటర్లో వెబ్‌సైటు తెరిచాను. వినయ్ కుమార్ గారు అంతా రాశాడు, ఒక్క అబద్ధం లేకుండా. దేశంలోనే అరుదైన ఫోను తెనాలిలో దొరికిందని, తాను కళ్ళారా చూశానని, పేరు చెప్పకుండా ఒక మెకానిక్ దాన్ని ఎలా నాశనం చేశాడో వరసగా. కింద తొంభై కామెంట్లు. స్టిక్కరు థిన్నరుతో తీసిన దగ్గర నవ్వినవాళ్ళు కొందరు, తెలుగు మెనూ దగ్గర ఇంకొందరు. పల్లెటూరి కసాయి అని ఒకడు పేరు పెట్టాడు. ఆ పేరు మిగతావాళ్ళకి బాగా నచ్చింది. నేను కోపంగా ఏదో రాశాను. అమ్మినవాడు వచ్చాడని దానిమీద కూడా నవ్వారు.

ఖాజా బాబాయ్ అడిగాడు. "ఆ సారు నెట్‌లో రాస్తానన్నాడుగా, రాశాడా?"

"రాశాడు బాబాయ్."

"ఏమని?"

"ఒరిజినలని రాశాడు."

"చూశావా! చదువుకున్నవాడు, ఒప్పుకున్నాడు" అని, ముందు కౌంటర్లో ఉన్న చెంచురామయ్య గారికి వినపడేలా ఇంకోసారి అడిగి నాచేత చెప్పించాడు. కింద ఏముందో నేను చదివి వినిపించలేదు.

డిసెంబరు మొదటివారంలో జిరాక్సు మెషిన్ దిగింది. బల్ల విప్పి ఇంటికి పంపించారు. చెంచురామయ్య గారు మంచివారే. ఖాజా బాబాయ్‌ని పొమ్మనలేదు, ముందు కౌంటర్లో స్టూలు వేశారు. రీచార్జి కార్డు మీద నెంబరు చిన్న అంకెల్లో ఉంటుంది కాబట్టి, కార్డు గోకి కస్టమరు చేతికే ఇచ్చి చదువుకోమనేవాడు.

సెమిస్టరు పరీక్షల ముందు నా ఫోను పాడైంది. అవతలివాళ్ళకి నా మాట వినపడటం లేదు. మైకు వైరు, ఆయనకి పది నిమిషాల పని. ఊరికే కాదు, కావాలనే తీసుకెళ్ళాను. ఆయన స్టూలు మీదే కూర్చుని దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, బరువు చూడలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు. కౌంటరు మీదుగా నా చేతిలో తిరిగి పెట్టేశాడు.

"విజయవాడ తీసుకెళ్ళు అబ్బాయ్" అన్నాడు.

దానికి ఏమైందని కూడా అడగలేదు.